పాచిపోయిన టోకెన్: స్టేల్ ఫైల్ హ్యాండిల్ వెనక అసలు కథ

ఈరోజు మనం ఒక ఎర్రర్ మెసేజ్ చరిత్ర చెప్పుకుందాం. మెసేజ్ పేరు "స్టేల్ ఫైల్ హ్యాండిల్". లినక్స్‌లో దీని నంబర్ 116. స్టేల్ అంటే పాచిపోయింది అని. నిన్నటి అన్నానికి వాడతాం కదా, అదే మాట.

చిన్న లినక్స్ బోర్డుకి పెన్‌డ్రైవ్ పెట్టి, ఎన్‌ఎఫ్‌ఎస్‌తో ఇంట్లో అందరికీ షేర్ చేశారనుకోండి. కాసేపు బాగానే నడుస్తుంది. తర్వాత ఉన్నట్టుండి ఈ మెసేజ్. ఫైల్ ఎవరూ డిలీట్ చేయలేదు, పెన్‌డ్రైవ్ ఎవరూ పీకలేదు. మరి ఏం పాచిపోయింది? నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఇది వచ్చిందంటే మా టీమ్ మొత్తం సర్వర్‌ని తిట్టేది. అసలు విషయం మాత్రం 1977కీ 1984కీ మధ్య ఉంది.

ముందు 1984కి వెళ్దాం. కాలిఫోర్నియాలో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ. మన ఐఐటీ ఢిల్లీలో చదివిన వినోద్ ఖోస్లా కూడా దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. అక్కడి ఇంజినీర్లు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎస్ తయారుచేశారు. 1985 వేసవిలో పోర్ట్‌ల్యాండ్‌లో జరిగిన యూజ్‌నిక్స్ సదస్సులో రసెల్ శాండ్‌బర్గ్, ఆయన సహచరులు దీని మీద పేపర్ ఇచ్చారు. అందులో ముఖ్యమైన నిర్ణయం ఒకటుంది: సర్వర్ ఏదీ గుర్తుపెట్టుకోదు. ఎవరు ఏ ఫైల్ తెరిచారో దానికి తెలియదు. దీన్నే స్టేట్‌లెస్ అంటారు.

ఎందుకలా? సర్వర్ క్రాష్ అయి మళ్లీ లేస్తే, క్లయింట్ అదే రిక్వెస్ట్ మళ్లీ పంపితే చాలు, పని సాగిపోవాలి. సర్వర్ దగ్గర జ్ఞాపకమే లేకపోతే, పోగొట్టుకోడానికీ ఏమీ ఉండదు కదా!

ఇది అర్థం కావాలంటే గుడి బయట చెప్పుల స్టాండ్ గుర్తుతెచ్చుకోండి. స్టాండ్ అతనికి మీ ముఖం గుర్తుండదు, అవసరం కూడా లేదు. టోకెన్ చూపిస్తే చెప్పులు ఇస్తాడు. మధ్యలో అతను భోజనానికి వెళ్లి ఇంకొకరు కూర్చున్నా సరే, టోకెన్ పనిచేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఆ టోకెన్ పేరే ఫైల్ హ్యాండిల్. రెండో వెర్షన్‌లో దాని సైజు 32 బైట్లు, మూడో వెర్షన్‌లో 64 దాకా, నాలుగులో 128 దాకా పెరిగింది.

ఆ టోకెన్ మీద ఏం రాస్తారు? యూనిక్స్ డిస్క్‌లో ప్రతి ఫైల్‌కీ ఐనోడ్ నంబర్ అని ఒకటుంటుంది. ఫైల్ పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌లోకి జరిపినా ఆ నంబర్ మారదు. కాబట్టి అదే రాస్తారు. కానీ ఒక చిక్కుంది. 47వ నంబర్ ఫైల్ డిలీట్ చేస్తే, అదే 47 రేపు ఇంకో ఫైల్‌కి రావచ్చు. పాత టోకెన్ పట్టుకొచ్చినవాడికి ఎవరివో చెప్పులు ఇచ్చేస్తాం! అందుకే జనరేషన్ నంబర్ కలిపారు. 47ని కొత్త ఫైల్‌కి ఇచ్చినప్పుడల్లా టోకెన్ రంగు మారుస్తున్నట్టన్నమాట. రంగు కలవకపోతే సర్వర్ చెప్పే మాటే "స్టేల్".

ఇప్పుడు 1977కి వద్దాం. మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్, బిల్ గేట్స్ కలిసి ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ మొదలుపెట్టారు. ఫ్లాపీల కోసం, ఒక్క కంప్యూటర్ కోసం. నెట్‌వర్క్ ఆలోచనే అందులో లేదు. ఐనోడ్లూ లేవు. ఫోల్డర్‌లో ప్రతి ఫైల్‌కీ 32 బైట్ల ఎంట్రీ ఉంటుంది. అందులోనే పేరు, సైజు, డేటా మొదలయ్యే చోటు. 32 జీబీ వరకు మెమరీ కార్డుల్లో, పెన్‌డ్రైవుల్లో మనం ఇప్పటికీ వాడేది దీని వారసుడు ఫ్యాట్32నే.

డేటా మొదలయ్యే చోటునే టోకెన్ నంబర్‌గా వాడొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. కుదరదు. ఖాళీ ఫైల్‌కి అక్కడ సున్నా ఉంటుంది. పది ఖాళీ ఫైళ్లుంటే పదింటికీ ఒకే నంబర్!

మరి లినక్స్ ఏం చేసింది? ఫైల్‌ని మెమరీలోకి తెచ్చినప్పుడు అప్పటికప్పుడు ఒక నంబర్ కల్పించింది. అంటే స్టాండ్‌లో గళ్లకి నంబర్లే లేవు, అన్నీ అతని బుర్రలోనే ఉన్నాయి. మెమరీ తక్కువై కెర్నెల్ ఆ ఫైల్ వివరాలు క్యాష్‌లోంచి తీసేస్తే నంబర్ కూడా పోతుంది. తర్వాత క్లయింట్ పాత టోకెన్ చూపిస్తే "ఇదేంటో నాకు తెలియదు" అంటుంది సర్వర్. చూశారా, ఏదీ గుర్తుపెట్టుకోని సర్వర్ కోసం చేసిన ప్రోటోకాల్, అన్నీ గుర్తుపెట్టుకుంటేనే నడిచే డిస్క్ మీద కూర్చుంది.

2013లో లినక్స్ కెర్నెల్‌లో దీనికి "నోస్టేల్ ఆర్‌ఓ" అనే మౌంట్ ఆప్షన్ వచ్చింది. డిస్క్ మీద ఫైల్ ఎంట్రీ ఎక్కడుందో, ఆ చోటునే టోకెన్‌గా వాడతారు. మూడో వరస, రెండో గడి అన్నట్టు. ఇక క్యాష్ ఖాళీ అయినా టోకెన్ పాచిపోదు. కానీ ఎవరైనా ఫైల్ డిలీట్ చేసి, అదే గడిలో కొత్తది పెడితే? పాత టోకెన్ కొత్త ఫైల్‌ని చూపిస్తుంది. మీరు లెక్కల ఫైల్ సేవ్ చేస్తున్నాననుకుంటారు, అది వెళ్లి ఇంకెవరిదో ఫోటో మీద రాసేస్తుంది. ఎర్రర్ కూడా రాదు! అందుకే ఈ ఆప్షన్ పెడితే డిస్క్ రీడ్ ఓన్లీ అయిపోతుంది. ఆర్‌ఓ అంటే అదే. చదువుకోవచ్చు, ముట్టుకోకూడదు.

నాలుగో వెర్షన్ వచ్చాక, 2000లో, "ఈ టోకెన్ గడువు తీరిపోవచ్చు" అని సర్వర్ ముందే చెప్పే పద్ధతి కూడా పెట్టారు. లినక్స్ క్లయింట్ దాన్ని అందుకోలేదు.

నాకు ఇందులో నచ్చింది ఒక్కటే. ఆ ఇంజినీర్లకి రెండు దారులున్నాయి: తెలియదని చెప్పి పని ఆపేయడం, లేదా ఏదో ఒకటి ఇచ్చేసి పంపడం. వాళ్లు మొదటిది ఎంచుకున్నారు. ఎర్రర్ వస్తే చిరాకు పడతాం, అంతే. తప్పు ఫైల్ మీద రాస్తే డేటా పోతుంది, పోయిందని తెలిసేసరికి బ్యాకప్ కూడా పాడై ఉంటుంది.

మీకు ఈ సమస్య ఉంటే దారి సింపుల్. ఎన్‌ఎఫ్‌ఎస్‌తో షేర్ చేసే డిస్క్‌ని ఈఎక్స్‌టీ4 లాంటి, ఐనోడ్లున్న ఫార్మాట్‌లో పెట్టండి. ఫార్మాట్ చేసేముందు డేటా కాపీ తీసుకోవడం మర్చిపోకండి. ఫ్యాట్ తప్పదంటే సాంబాతో షేర్ చేయండి, అందులో ఫైల్‌ని పేరుతో తెరుస్తారు, తెరిచిన సంగతి సర్వరే గుర్తుపెట్టుకుంటుంది. మీరు తిట్టుకున్న ఎర్రర్ మెసేజ్ ఇంకేదైనా ఉంటే కామెంట్‌లో రాయండి, దాని చరిత్ర కూడా తవ్వుదాం. ఉంటాను మరి, బై!