కొలతయు కోరికయు

కొలబద్ద యబద్ధమాడదందురు; దానిని పట్టినవాని మనస్సో?

1912వ సంవత్సరమున, ఇంగ్లండునందలి పిల్ట్‌డౌనులో దొరకినవని కొన్ని పుఱ్ఱెముక్కలును, ఒక దవడయెముకయు లండను భూగర్భశాస్త్రసంఘమున బ్రదర్శింపబడెను. ఉడ్వర్డు పండితుడు ముక్కల నతికించి, మెదడు పరిమాణము 1070 ఘనసెంటీమీటర్లనెను. ఆర్థర్ కీతు వానినే వేఱొకరీతి నతికించి, 1500 అనెను. ముక్కలు లేనిచోట్ల నిండినవి వారివారి యూహలే. అయినను దవడ నిరువురును నమ్మిరి. తొలిమానవుడు తమదేశమువాడే యనియు, అతనికి పెద్దమెదడుండెననియు వినుట యాంగ్లేయులకు ప్రియముగదా!

1925లో రేమండ్ డార్టు దక్షిణాఫ్రికాయందలి టాంగు శిశుకపాలమును వెల్లడించెను. పండ్లు మనుష్యులవానిం బోలియున్నను మెదడు చిన్నదగుటచే, కీతు మొదలగు పెద్దలు దానిని వానరకపాలమని త్రోసిపుచ్చిరి.

1953లో మోసము బయల్పడెను: ఎముకలు రంగుపూసినవి, పండ్లు రాచి యఱుగదీసినవి. దవడ యొరాంగుటానుదని తరువాత రూఢియయ్యెను. నలువది సంవత్సరములు అసత్యము సింహాసనమెక్కగా, సత్యము వాకిట నిలిచెను.

చదువరులారా, మన గొప్పకు సాక్ష్యము దొరకినదని మనస్సు పొంగినపుడే కొలతను మఱల సరిచూడవలెను.