గ్రాఫిక్స్ కార్డుల గేమింగ్ సదుపాయాలు: పోటీ చరిత్ర

కంప్యూటర్ ఆటలోని ప్రతి దృశ్యాన్నీ లెక్కకట్టి తెరకు పంపే పరికరం గ్రాఫిక్స్ కార్డు. దీని తయారీదారులు వేగంలో పోటీపడుతూనే, తమ కార్డు కొన్నవారికి మాత్రమే దక్కే సదుపాయాలను చూపి ఆటగాళ్లను ఆకట్టుకోవడం 1990ల నడిమి నుంచి సాగుతూ వస్తోంది. కొత్తగా కనిపెట్టిన సదుపాయాన్ని తన కార్డుకే కట్టిపడేయాలా, ప్రత్యర్థి కార్డుపై కూడా నడవనివ్వాలా అన్న ప్రశ్న ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

1996లో అమెరికాకు చెందిన త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డుతో పాటు గ్లైడ్ అనే ఏపీఐని, అంటే ఆట ప్రోగ్రాము కార్డుకు ఆదేశాలివ్వడానికి వాడే ఆజ్ఞల సంపుటిని, తీసుకువచ్చింది. గ్లైడ్‌లో రాసిన ఆట ఆ సంస్థ కార్డులపైనే నడిచేది కనుక కొంతకాలం అది సంస్థను కోటగోడలా కాపాడినా, అన్ని కార్డులపైనా పనిచేసే డైరెక్ట్‌త్రీడీ, ఓపెన్‌జీఎల్ బలపడేసరికి ఆటలు తయారుచేసేవారు అటు మళ్లారు. వ్యాపారంలోని ఇతర పొరపాట్లూ తోడవడంతో సంస్థ చితికిపోయి, 2000 డిసెంబరులో తన ఆస్తులలో ముఖ్యమైనవాటిని ప్రత్యర్థి ఎన్విడియాకు అమ్మడానికి ఒప్పుకుంది. రెండు కార్డులకు పని పంచి ఒకే దృశ్యాన్ని గీయించే త్రీడీఎఫ్ఎక్స్ పద్ధతికి ఉన్న ఎస్ఎల్ఐ అనే పేరునే ఎన్విడియా 2004లో తన జంటకార్డుల పద్ధతికి పెట్టుకోగా, కెనడాకు చెందిన ఏటీఐ మరుసటి ఏడాది క్రాస్‌ఫైర్‌తో బదులిచ్చింది. 2006లో ఏటీఐని ఏఎమ్‌డీ కొన్నాక ఈ రంగం ఎన్విడియా జీఫోర్స్, ఏఎమ్‌డీ రేడియన్ కార్డుల ముఖాముఖిగా మారింది.

ఈ ముఖాముఖిలో ఆటగాడి కంటికి సూటిగా తెలిసిన మార్పు తెర వేగానికి సంబంధించినది. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు, అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లకొకసారి, పైనుంచి కిందికి దృశ్యాన్ని మారుస్తుంది; కార్డు మాత్రం ఒక్కొక్క ఫ్రేమ్‌కు, అంటే ఒక్కొక్క నిశ్చల చిత్రానికి, ఒక్కొక్క రకంగా సమయం తీసుకుంటుంది. మానిటర్ సగం వరకు దిగిన క్షణంలో కొత్త ఫ్రేమ్ వచ్చిపడితే పైభాగంలో పాత చిత్రం, కిందిభాగంలో కొత్త చిత్రం నిలుస్తాయి. ఆటగాడు చప్పున పక్కకు తిరిగినప్పుడు నిట్టనిలువుగా ఉండవలసిన స్తంభం నడుముకు కోసినట్టు విరిగి, దాని కింది సగం పక్కకు జరిగి కనబడుతుంది. టేరింగ్ అనే ఈ లోపాన్ని పోగొట్టడానికి కార్డునే ఆపి ఉంచే వీసింక్ పద్ధతి పూర్వమే ఉన్నా, గడువు తప్పిన ఫ్రేమ్ తరువాతి వంతు దాకా ఆగవలసి రావడంతో కదలికలో కుదుపు, మౌస్ స్పందనలో ఆలస్యం కలిగేవి.

ఎన్విడియా 2013 అక్టోబరులో ప్రకటించిన జీసింక్ ఈ వరుసను తిరగేసి, కార్డు సిద్ధమయ్యే దాకా మానిటరే ఆగేటట్టు చేసింది. అయితే అప్పట్లో అందుకు మానిటర్‌లో ఎన్విడియా సొంత మాడ్యూల్ ఉండవలసి వచ్చేది, దాని ఖర్చు కొనేవారి మీద పడేది. దీనికి పోటీగా ఏఎమ్‌డీ 2014 జనవరిలో ఫ్రీసింక్‌ను ప్రదర్శించింది. అదే ఏడాది మే నెలలో తెరల ప్రమాణాలను నిర్ణయించే వీసా సంఘం అడాప్టివ్ సింక్ పేరుతో ఇటువంటి ఏర్పాటును డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చడంతో ప్రత్యేక మాడ్యూల్ అవసరం లేకపోయింది. తొలి ఫ్రీసింక్ మానిటర్లన్నీ ఒకే నాణ్యతతో ఉండేవి కావు, కొన్ని ఇరుకైన వేగ పరిధిలోనే పనిచేసేవి అన్నది నిజమే. అయినా చౌకగా లభించడంతో అవే విస్తరించాయి. చివరకు 2019 జనవరిలో ఎన్విడియా తన డ్రైవర్‌లో అడాప్టివ్ సింక్ మానిటర్లకు చోటిచ్చింది, కాకపోతే తాను పరీక్షించిన 400 మానిటర్లలో 12 మాత్రమే తన ప్రమాణాన్ని అందుకున్నాయని చెప్పుకుంది.

2018 సెప్టెంబరులో వచ్చిన జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 20 కార్డులతో పోటీ మరో దారి పట్టింది. కాంతి కిరణాల ప్రయాణాన్ని లెక్కగట్టి నీడలను, ప్రతిబింబాలను గీసే రే ట్రేసింగ్ కార్డుపై మోయలేని భారం వేస్తుంది కనుక, దృశ్యాన్ని తక్కువ పిక్సెళ్లతో గీసి, యంత్రాభ్యాసం ద్వారా నిండైన పరిమాణానికి పెంచే డీఎల్ఎస్ఎస్‌ను ఎన్విడియా జతచేసింది. దాని తొలి రూపం మసకగా ఉందన్న విమర్శ గట్టిగా వచ్చింది. 2020 మార్చిలో వచ్చిన రెండవ రూపం గత ఫ్రేమ్‌ల సమాచారాన్నీ, వస్తువుల కదలిక దిశలనూ కలుపుకొని ఆ మచ్చను తుడిచేసింది. ఇదే పనికి 2021 జూన్‌లో ఏఎమ్‌డీ విడుదల చేసిన ఎఫ్ఎస్ఆర్‌కు యంత్రాభ్యాసం అక్కరలేకపోయింది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంచిన ఈ పద్ధతి, డీఎల్ఎస్ఎస్‌కు నోచుకోని పాత జీఫోర్స్ జీటీఎక్స్ కార్డులపైనా నడిచింది. కొత్త కార్డు కొనే స్తోమత లేని ఆటగాళ్లకు ప్రత్యర్థి సంస్థ చేసిన ఈ మేలు చిన్నది కాదు. కానీ ఒక్క ఫ్రేమ్‌నే చూసి పెంచే తొలి ఎఫ్ఎస్ఆర్‌లో కరెంటు తీగలు, కిటికీ ఊచల వంటి సన్నని గీతలు మిణుకుమంటూ ఉండేవి. 2022లో ఎఫ్ఎస్ఆర్ 2 కూడా గత ఫ్రేమ్‌లను ఆశ్రయించింది. అదే ఏడాది ఆర్క్ కార్డులతో దిగిన ఇంటెల్, ఇటువంటిదే అయిన తన ఎక్స్‌ఈఎస్ఎస్ పద్ధతికి సొంత కార్డులలో ప్రత్యేక విభాగాలను వాడే మార్గాన్నీ ఇతర కార్డులకు మరో మార్గాన్నీ ఏర్పాటు చేసి మధ్యేమార్గం తొక్కింది.

2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 40 కార్డులతో వచ్చిన డీఎల్ఎస్ఎస్ 3, గీసిన రెండు ఫ్రేమ్‌ల నడుమ ఊహించిన ఫ్రేమ్‌ను చొప్పించే ఫ్రేమ్ జనరేషన్‌ను ప్రవేశపెట్టింది. ఏఎమ్‌డీ 2023 సెప్టెంబరులో ఎఫ్ఎస్ఆర్ 3 ద్వారా దానిని పాత కార్డులకూ అందించింది. ఊహించిన ఫ్రేమ్ ఆటగాడి మౌస్ కదలికకు స్పందించదు, పైగా తరువాతి ఫ్రేమ్‌ను కాసేపు ఆపి ఉంచాలి కాబట్టి, సెకనుకు ఫ్రేమ్‌ల సంఖ్య పెరగడాన్ని వేగం పెరగడంగా లెక్కించడం సరికాదు.

2025 మార్చిలో రేడియన్ ఆర్‌ఎక్స్ 9070 కార్డులతో వెలువడిన ఎఫ్ఎస్ఆర్ 4లో ఏఎమ్‌డీ కూడా యంత్రాభ్యాసాన్నే ఎంచుకుంది. నాణ్యత స్పష్టంగా మెరుగుపడింది గానీ, విడుదల నాటికి అది ఆ కొత్త తరం కార్డులకే పరిమితమైంది. అదే ఏడాది జనవరిలో ఎన్విడియా ప్రకటించిన డీఎల్ఎస్ఎస్ 4లో చిత్రాన్ని పెంచే కొత్త నమూనా మాత్రం 2018 నాటి ఆర్‌టీఎక్స్ 20 కార్డులకు సైతం అందింది.