ఎర్రకోటకూ హాకీకీ ఒకే గొంతు

1948లో గాంధీజీ అంతిమయాత్రను మెల్విల్ డి మెలో ఆకాశవాణిలో గంటల తరబడి ఇంగ్లీషులో కళ్లకు కట్టాడు. అది విన్న జస్‌దేవ్ సింగ్ అనే కుర్రాడు, పెద్దయ్యాక తానూ ఇదే పని చేస్తానని, కాకపోతే హిందీలో చేస్తానని వాళ్లమ్మతో అన్నాడట. అన్నంత పనీ చేశాడు. 1963 నుంచి ఏళ్ల తరబడి జనవరి 26 కవాతుకూ ఆగస్టు 15 ఎర్రకోట వేడుకకూ ఆయన గొంతే వినిపించింది. ఒలింపిక్స్‌కూ ఆసియా క్రీడలకూ మళ్లీ ఆయనే. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి భారత్ హాకీ ప్రపంచకప్ గెలిచినప్పుడు రేడియోల్లో మోగిన గొంతూ అదే. తెలుగు ఊళ్లలో హిందీ అంతగా రానివాళ్లు ఆ గొంతు ఎక్కడ హెచ్చిందో చూసుకుని బంతి గోలు దగ్గరికి వచ్చిందని పోల్చుకునేవారు.

అప్పటికింకా జెండా పండగ ఇంటి బయటి పండగే. పొద్దున్నే ప్రభాతభేరి, బడిలో జెండా వందనం, చేతిలో రెండు చాక్లెట్లు. పరుగు పందెం, కబడ్డీ, తాడు లాగుడు. ఆ రోజు ఆటంటే ఒళ్లు వంచి ఆడేదే.

1982లో ఆ పండగ ముందుగదిలోకి నడిచొచ్చింది.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 నుంచే ఉంది. నగరంలోని ఈసీఐఎల్ అణుశక్తి శాఖ సంస్థే అయినా టీవీ సెట్లు కూడా తయారుచేసేది. అయితే కేంద్రాలు ఎక్కడికక్కడే. దేశమంతా ఒకే వేళ ఒకే బొమ్మ చూడటమన్నది రోజువారీ సంగతి కాదు. 1982 ఆగస్టు 15న ఇందిరా గాంధీ ఎర్రకోట ప్రసంగాన్ని దూరదర్శన్ రంగుల్లో ప్రత్యక్షంగా చూపించింది. జాతీయ కార్యక్రమం మొదలైందీ అప్పుడే. పేరు స్వాతంత్ర్య దినానిదే గానీ అసలు తొందర నవంబరులో ఢిల్లీలో జరగాల్సిన ఆసియా క్రీడలది. పేద దేశానికి రంగుల టీవీ ఎందుకన్నవాళ్లు లేకపోలేదు. సమాచార ప్రసార మంత్రి వసంత్ సాఠే మాత్రం రంగు కావాల్సిందేనని పట్టుబట్టాడు. తీరా ఆ ఏప్రిల్‌లో పైకి పంపిన ఇన్సాట్-1ఏ ఉపగ్రహం సెప్టెంబరులోనే మూగబోయింది. క్రీడల ప్రసారానికి వేరే ఉపగ్రహాలను ఆశ్రయించాల్సి వచ్చింది. ఇంత హడావిడీ చేసి పంపిన రంగులను దేశంలో ఎక్కువమంది చూసింది నలుపు తెలుపు సెట్లలోనే!

నవంబరు 19న క్రీడలు మొదలయ్యాయి. వాటి మస్కట్, అప్పూ అనే ఏనుగు పిల్ల ఇంటింటి చుట్టమైంది. పి.టి. ఉష 100, 200 మీటర్లలో రెండు రజతాలు తెచ్చింది, ఎం.డి. వల్సమ్మ 400 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం గెలిచింది. టీవీ ఉన్న ఇంట్లో చాప మీద చోటు దొరకని పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని చూశారు. ఒకరు డాబా మీద యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి ఇంకొకరు "వచ్చింది... పోయింది" అని కేకలు. తర్వాత డిసెంబరు 1న హాకీ ఫైనల్. ఎదురుగా పాకిస్తాన్. స్టేడియంలో ప్రధాని కూడా ఉన్నారు. మనవాళ్లు 7-1తో ఓడిపోయారు. రేడియో అయితే వ్యాఖ్యాత గొంతు తడబడి కాస్త ఆసరా ఇచ్చేది. టీవీ ఏడు గోల్స్‌నీ ఉన్నదున్నట్టు చూపించింది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ ఆ తర్వాత ఏళ్ల తరబడి నిందలు మోయడానికి ఓటమి ఒక్కటే కారణం కాదు. ఆ ముఖాన్ని దేశం చూసింది. అదే క్రీడల్లో మన ఆడపిల్లలు హాకీ స్వర్ణం గెలిచారన్న సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ.

1984లో రోజుకొకటి చొప్పున అన్నట్టుగా ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. చిన్న పట్టణాలకూ బొమ్మ అందింది. కవాతు చూడటం సెలవు పొద్దుటి అలవాటైపోయింది.

కవాతుకు పోటీ మాత్రం ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. జనవరి 26 వాళ్లకూ జాతీయ దినమే, పైగా అక్కడ క్రికెట్ కాలం. 2012లో ఆ రోజున అడిలైడ్ టెస్టు మూడో రోజు ఆట మన తెల్లవారుజామున మొదలైంది. ఢిల్లీలో శకటాలు కదిలే పొద్దున అక్కడ విరాట్ కోహ్లీ తన తొలి టెస్టు సెంచరీ వైపు పరుగులు కూడబెడుతున్నాడు. దూరదర్శన్ ఒకవైపు, క్రికెట్ చానల్ ఒకవైపు. మధ్యలో రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పండగ. హైదరాబాద్ ఇళ్లలో చాలామంది కళ్లు మాత్రం వి.వి.ఎస్. లక్ష్మణ్ మీదే ఉన్నాయి. అతను ఎక్కువసేపు నిలవలేదు. ఆ ఆగస్టులో, సొంత ఊళ్లో జరగాల్సిన టెస్టుకు ముందే రిటైరవడంతో అడిలైడే అతని ఆఖరి టెస్టు అయింది.