బోర్త్నిక్ (ఇంటిపేరు)

బోర్త్నిక్ అనేది తూర్పు ఐరోపాలో అరుదుగా వినిపించే ఇంటిపేరు. వృత్తిని బట్టి వచ్చింది. అడవిలో పచ్చగా నిలిచి ఉన్న చెట్టుకే తొర్ర తొలిచి, అందులో తేనెటీగలు చేరేలా చేసి, తేనె, మైనం తీసుకునేవాణ్ణి స్లావ్ భాషల్లో ఈ పేరుతో పిలిచేవారు. ఉక్రెయిన్, బెలారుస్, రష్యాలలో ఇది బోర్త్నిక్, పోలండ్‌లో బార్త్నిక్, చెక్ ప్రాంతంలో బ్ర్‌త్నీక్. ఒకప్పుడు రాజుల ఖజానాకు మైనం, తేనె అందించిన వృత్తి ఇది. అయినా కమ్మరి పని నుంచి పుట్టిన ఇంటిపేర్లు లక్షల మందికి ఉండగా ఈ పేరు కొద్ది కుటుంబాలకే పరిమితమైంది. అందుకు కారణం ఆ పని జరిగిన తీరులోనే ఉంది.

వృత్తి

తొర్ర తొలవడానికి లేత చెట్టు పనికిరాదు. వందేళ్లు దాటిన దేవదారు జాతి చెట్టో, ఓక్ చెట్టో కావాలి. నేల నుంచి నాలుగు మీటర్లు మొదలుకొని పదిహేను మీటర్ల దాకా ఎత్తులో, గొడ్డలితో, పొడవాటి పిడి ఉన్న ఉలితో కాండాన్ని నిలువునా తొలుస్తారు. చెట్టు చావకుండా లోపల ఒక గది ఏర్పడాలి. అది దాదాపు ఒక మీటరు పొడవు ఉంటుంది. ముందు వైపు పలకతో మూసి, ఈగలు వచ్చిపోవడానికి చిన్న సందు వదులుతారు. వెంటనే ఈగలు రావు. తొలిచిన చోట చెమ్మ ఆరాలి, పచ్చి వాసన పోవాలి. అందుకు ఒకటి రెండేళ్లు పడుతుంది. ఒకరు తొలిచిన తొర్ర ఫలితాన్ని కొడుకులు, మనవలు కూడా అనుభవించేవారు. కాబట్టి ఈ పని తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిగా దక్కేది.

చెట్టు ఎక్కడానికి వాడే పేనిన తాడును పోలండ్‌లో లెజీవో అంటారు. దానికి కూర్చునే పలక ఒకటి కట్టి ఉంటుంది. తాడును కాండం చుట్టూ మెలికలు వేస్తూ, ఆ మెలికలనే మెట్లుగా వాడుకుంటూ పైకి పోయి, పలక మీద కూర్చుని పని చేస్తారు. ఎలుగుబంటి బెడదకు కూడా ఉపాయం ఉండేది. తొర్ర సందు ముందు బరువైన దుంగను వేలాడదీస్తారు. ఎలుగు దాన్ని పక్కకు తోస్తే అది ఊగి వచ్చి తిరిగి కొడుతుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా తగులుతుంది. తేనె కోసం తొర్రలు వెతికే ఎలుగుకూ చెక్ భాషలో బ్ర్‌త్నీక్ అనే పేరు పడింది. గోధుమరంగు ఎలుగుబంటిని చెక్ వాళ్లు నేటికీ అలా అంటారు.

ప్రతి తొర్ర యజమానికీ ఒక గుర్తు ఉండేది. గొడ్డలి గాట్లతో గీతలు, శిలువలు, విల్లు ఆకారాలు చెట్టు మీద చెక్కేవారు. ఆ గుర్తు వంశానిది. చదువు రాని కాలంలో ఆ గాట్లే సంతకం, దస్తావేజు. కీయెవ్ రాజ్యపు ధర్మశాస్త్రమైన రూస్కాయ ప్రావ్దా విస్తృత ప్రతి ప్రకారం, చెట్టు మీది గుర్తును చెరిపేసినవాడికి 12 గ్రివ్నాల జరిమానా. పాత సంక్షిప్త ప్రతిలో రాజు తొర్రను కాల్చినా, దోచినా 3 గ్రివ్నాలు. తొర్రను పాడుచేసిన దానికంటే గుర్తు చెరిపినదానికి ఎక్కువ వేయడం గమనించాలి. తేనె పోతే మళ్లీ వస్తుంది, హక్కు పోతే తిరిగి రాదు.

లిథువేనియా మహా సంస్థానపు శాసనాలు (1529, 1566, 1588) ఇంకో అడుగు ముందుకు వేశాయి. అడవి ఒకరిది, అందులోని తొర్రచెట్టు మరొకరిది కావచ్చని అవి ఒప్పుకున్నాయి. పరాయి అడవిలోకి వెళ్లి తన చెట్టును చూసుకునే హక్కు బోర్త్నిక్‌కు ఉంది. తాడు పేనుకోవడానికి అక్కడి నారను తీసుకోవచ్చు. అయితే వేటకుక్కల్ని, ఈటెను వెంట తీసుకెళ్లకూడదు. వేట ప్రభువుల హక్కు, తేనె ఇతని హక్కు.

పోలండ్‌లోని మజోవియా ప్రాంతంలో ఈ వృత్తివారికి సొంత న్యాయస్థానాలు, సొంత పెద్దలు ఉండేవారు. ప్షస్నిష్ ప్రాంతపు అధికారి క్షిష్తోఫ్ నిష్చిత్‌స్కీ 1559లో వాళ్ల కట్టుబాట్లను గ్రంథస్థం చేశాడు; 1616లో వోమ్జా ప్రాంతానికి స్తానిస్వావ్ స్క్రోద్‌స్కీ మరొకటి రాశాడు. అరవై తొర్రలను ఒక 'బూర్'గా లెక్కకట్టి, దాన్నిబట్టి పన్నును తేనె రూపంలో వసూలు చేసేవారు.

ఇంత పట్టింపుకు అసలు కారణం తేనె కాదు, మైనం. పడమటి ఐరోపా చర్చిలన్నిటికీ కొవ్వొత్తులకు తేనెమైనమే కావాలి. నవ్‌గరద్‌లో 12వ శతాబ్దం నుంచే మైనం వర్తకులకు ప్రత్యేక సంఘం ఉండేది. ఒపోకి దగ్గరి సెయింట్ జాన్ చర్చి వాళ్ల కేంద్రం, మైనం తూకం వేసే చోటు కూడా అదే. జర్మన్ హాన్సా వర్తకులు అక్కడి నుంచే బొచ్చు తోళ్లతో పాటు మైనాన్ని బాల్టిక్ మీదుగా తరలించేవారు.

పేరు రూపాలు

మూల స్లావ్ పదంలోని పొట్టి అచ్చు, 'ర' కలిసిన భాగం ఒక్కో భాషలో ఒక్కో విధంగా మారింది. తూర్పున 'ఓర్' అయింది (బోర్త్), పోలిష్‌లో 'ఆర్' అయింది (బార్చ్), చెక్‌లో అచ్చు జారిపోయి 'ర' ఒక్కటే మిగిలింది (బ్ర్‌త్). చివరి '-నిక్' పనివాణ్ణి సూచించే ప్రత్యయం. కాబట్టి వలస వెళ్లిన కుటుంబం పేరులోని మొదటి అచ్చును చూసి, ఆ పేరు మొదట ఏ భాషవాళ్ల నోట పలికిందో చాలావరకు చెప్పవచ్చు.

దీని నుంచి వచ్చిన పేర్లు ఎన్నో: రష్యన్‌లో బోర్త్నికోవ్, ఉక్రెయినియన్‌లో బోర్త్నిచుక్, పోలిష్‌లో బార్త్నిత్‌స్కీ, బార్త్నిచాక్. '-స్కీ'తో ముగిసేవి చాలాసార్లు వృత్తి నుంచి నేరుగా రాలేదు. బార్త్నికి అనే పేరున్న ఊళ్ల నుంచి వచ్చాయి. ఊరికి వృత్తి పేరు వస్తే, ఊరి పేరు మనిషికి వచ్చింది. మన ఇంటిపేర్లలోనూ ఇదే మామూలు. లిథువేనియాలోని బార్త్నిన్‌కాయ్ కూడా ఇలాంటి ఊరే.

సంగీతకారుడు ద్మిత్రో బోర్త్‌న్యాన్‌స్కీ పేరు ఇందుకు మంచి ఉదాహరణ. 1751లో హ్లూఖివ్‌లో పుట్టి, ఇటలీలో గలూప్పీ దగ్గర చదువుకుని, 1796 నుంచి పీటర్స్‌బర్గ్ ఆస్థాన గాయక బృందానికి అధిపతిగా ఉండి, 1825లో మరణించాడు. కార్పతియన్ కొండల్లోని బార్త్నె గ్రామం నుంచి అతని తండ్రి వలస వచ్చాడని చెబుతారు. ఆ ఊరి పేరులో తొర్ర ఉంది. సంగీతకారుడి ఇంట్లో ఎవరూ చెట్టెక్కి ఉండనక్కర్లేదు.

'బార్త్' కనిపించిన ప్రతి పేరునూ ఈ కోవలో చేర్చడం తప్పు. బార్తోష్, బార్త్‌చాక్, బార్త్‌కోవ్‌స్కీ వంటివి బార్తొలోమియో అనే పేరు నుంచి పుట్టినవి. వంశవృక్షాలు గీసేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. పాసేచ్నిక్, పాసిచ్నిక్ అనేవి కూడా వేరే పేర్లు. అవి నేల మీద గూళ్లలో ఈగల్ని పెంచే పని నుంచి వచ్చాయి. జర్మన్‌లో మాత్రం సరిజోడు ఉంది: త్సైడ్లర్. నూరెంబర్గ్ చుట్టుపక్కల రాజుగారి అడవిలో ఇదే పని చేసిన వాళ్లకు 1350లో నాలుగో చార్లెస్ ప్రత్యేక హక్కులు ఇచ్చాడు.

వ్యాప్తి

కమ్మరి పేరు నుంచి వచ్చిన కోవాల్‌స్కీ పోలండ్‌లో నోవాక్ తర్వాత రెండో స్థానంలో ఉంది, లక్షమందికి పైగా ఉన్నారు. రష్యాలో కుజ్నెత్సోవ్ కూడా అలాగే. బార్త్నిక్, బోర్త్నిక్ వాటి దరిదాపుల్లో లేవు. దీనికి కారణం ఇలా అర్థమవుతుంది: ఊరికొక్క కమ్మరే ఉండేవాడు గనుక 'కమ్మరి వాడు' అంటే ఫలానావాడని తెలిసేది. బోర్త్నిక్‌లు మాత్రం అడవి అంచు పల్లెల్లో గుంపులుగా ఉండేవారు. అందరూ అదే పని చేసే చోట ఆ పేరు ఎవరినీ గుర్తుపట్టడానికి పనికిరాదు. పేరు నిలిచింది అడవికి కాస్త దూరంగా, ఒక్క కుటుంబమే ఈ పని చేసిన చోట. మైదానాల్లోని సేద్యపు గ్రామాలకు ఈ పని చేరనే లేదు. అందువల్ల ఈ పేరు మజోవియా నుంచి బెలారుస్, ఉత్తర ఉక్రెయిన్ దాకా అడవుల బారునే ఎక్కువగా అంటిపెట్టుకుంది.

రైతుల ఇంటిపేర్లు స్థిరపడే సమయానికి వృత్తి కుప్పకూలుతోంది. 1801లో తేనెకు పోటీగా సిలీసియాలోని కూనెర్న్‌లో మొదటి బీట్ చక్కెర కర్మాగారం మొదలైంది. 1814లో ఉక్రెయిన్‌లో పెత్రో ప్రొకొపొవిచ్ చట్రాల పెట్టెను తయారుచేశాడు; ఈగల కోసం చెట్టెక్కే అవసరం పోయింది. ఆపై పారఫిన్, స్టీరిన్ కొవ్వొత్తులు వచ్చాయి. పోలండ్‌ను పంచుకున్న రాజ్యాల అటవీ శాఖలకు తొర్ర తొలిచిన చెట్టు అంటే పాడైన కలప. అవి తొలవడాన్ని నిషేధించాయి. రష్యా సామ్రాజ్యంలో 1861లో దాస్యం రద్దయి కోట్లమంది రైతుల పేర్లు కాగితాలకెక్కేనాటికి బోర్త్నిక్ అనిపించుకోగలవాళ్లే తగ్గిపోయారు.

20వ శతాబ్దంలో ఈ పేరు మరో రకంగా వినబడింది. సోవియట్ నటుడు ఇవాన్ బోర్త్నిక్ (1939–2019), లుబ్లిన్‌లో బోధించిన దైవశాస్త్ర పండితుడు చెస్వావ్ బార్త్నిక్ (1929–2020) ప్రసిద్ధులు.

వృత్తి ఎడతెగకుండా నిలిచిన చోటు వేరే ఉంది. ఉరల్ కొండల దక్షిణాన, బష్కీరియాలోని బుర్జ్యాన్ ప్రాంతంలో బష్కీర్లు నేటికీ చెట్ల తొర్రల్లో ఈగలను చూసుకుంటున్నారు. వాళ్లది తుర్కిక్ కుటుంబానికి చెందిన భాష. స్లావ్ ఇంటిపేరు వాళ్లకు రాలేదు. ఈ శతాబ్దం మొదటి దశకంలో పోలండ్ అడవుల్లో పాత పని తిరిగి మొదలైనప్పుడు అక్కడివాళ్లకు నేర్పింది బష్కీరియా నిపుణులే. పోలండ్, బెలారుస్ దేశాల చెట్టు తొర్రల తేనె సంస్కృతిని యునెస్కో 2020లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

తమ ఇంటిపేరు మూలం వెతికే బోర్త్నిక్‌లు, బార్త్నిక్‌లు ఈ పేరు ఉన్నంత మాత్రాన తాత చెట్టెక్కాడని నమ్మకూడదు. పూర్వీకుల ఊరి భూమి పత్రాల్లో తొర్రచెట్ల ప్రస్తావన, తేనె పన్ను, గొడ్డలి గుర్తు ఉన్నాయేమో చూడాలి. అవి దొరికితేనే వృత్తి రుజువైనట్టు.