ముల్కీ ఎవరు, గైరు ముల్కీ ఎవరు?



ఉర్దూలో ముల్కు అంటే దేశం. ఆ దేశపువాడు ముల్కీ, కానివాడు గైరు ముల్కీ. పాతబస్తీలో పెద్దవాళ్ల నోట ఈ మాటలు వినే ఉంటారు. విదేశీయులను రానివ్వాలా, పంపెయ్యాలా అన్నది ఇప్పుడు ఢిల్లీ పని. రాజ్యాంగం అలాగే రాసింది. నిజాం రోజుల్లోనైతే మద్రాసు నుంచి వచ్చినవాళ్లు కూడా హైదరాబాదుకు పరాయివాళ్లే. 1919 ఫర్మానా ప్రకారం సర్కారీ నౌకరీ ముల్కీలకే. బయటివాళ్లు 15 ఏళ్లు ఇక్కడ కాపురముండి, ఇక సొంతూరికి తిరిగిపోమని ప్రమాణపత్రం ఇస్తేగాని ముల్కీలు కారు. ఆడవాళ్లకు మాత్రం ఇంకో దారి ఉండేది. ముల్కీని పెళ్లాడితే చాలు, ఆవిడా ముల్కీయే! మెట్టినింటితో పాటు ముల్కూ వచ్చేదన్నమాట.

1948 పోలీసు చర్య తర్వాత బయటి ఉద్యోగులు చాలామంది వచ్చారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయని గగ్గోలు లేచింది. 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. "నాన్ ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని కేకలు. పాపం, ఇడ్లీ ఏం చేసిందో! ఆ ఇడ్లీయే ఇవాళ మన ఇళ్లలో పొద్దుటి టిఫిను. కానీ సంగతి నవ్వులాట కాదు. ఆ సెప్టెంబరు మొదటి వారంలో హైకోర్టు పక్కనున్న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. పిల్లల్ని కాలేజీకి పంపిన తల్లుల గుండెలు ఆనాడు ఎలా కొట్టుకున్నాయో మీరే ఊహించుకోండి.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నివాసం నియమం పెట్టే అధికారం పార్లమెంటుదే కాబట్టి 1957లో ఢిల్లీయే తెలంగాణ కోసం చట్టం చేసింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇల్లంతటికీ ఒక నియమం పెట్టొచ్చుగాని, ఒక్క గదికి వేరే నియమం కుదరదన్నట్టు! అప్పటికే తెలంగాణ ఉద్యమంతో అట్టుడుకుతోంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరాగాంధీ గాలి దేశమంతా వీచినా, ఇక్కడ 14 స్థానాల్లో 10 చెన్నారెడ్డిగారి తెలంగాణ ప్రజా సమితికి పోయాయి. ఆ ఏడే బ్రహ్మానందరెడ్డిగారు గద్దె దిగారు, పి.వి. నరసింహారావుగారు ఎక్కారు.

అంతటితో అయిందా? 1972 అక్టోబరు 3న అదే సుప్రీంకోర్టు, నిజాం నాటి ముల్కీ రూల్సు ఇంకా చెల్లుతాయంది. ఈసారి మంట ఆంధ్ర వైపు లేచింది. జై ఆంధ్ర ఉద్యమం ధాటికి 1973 జనవరిలో పి.వి.గారూ దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. తీర్పులు ఢిల్లీలో, సెగ మాత్రం హైదరాబాదు గద్దెకు. ముఖ్యమంత్రుల తప్పు లేదనను గానీ, తమ చేతిలో లేని చట్టానికి మూల్యం వాళ్లే చెల్లించారని నా ఉద్దేశం.

చివరికి ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. ముల్కీ రూల్సు రద్దయ్యాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడివాళ్లే స్థానికులంది. ఆ ముల్కీ భార్య నియమమూ అక్కడితో పోయింది. 2018లో తెలంగాణకు వచ్చిన కొత్త ఉత్తర్వులోనూ లెక్క బడిదే. గుంటూరు నుంచి కోడలిగా వచ్చి శాలిబండలో ఎన్నేళ్లు కాపురం చేసినా, ఉద్యోగం దరఖాస్తులో ఆమెను అడిగేది చిన్నప్పటి బడి సర్టిఫికెట్టే.