పబ్లిక్ గార్డెన్స్, హైదరాబాద్

హైదరాబాద్ నాంపల్లిలోని పాత పట్టణ ఉద్యానవనం పబ్లిక్ గార్డెన్స్. నిజాం కాలంలో దీని పేరు బాగ్-ఎ-ఆమ్. 1846లో ఏర్పడిందని చెబుతారు. నగరంలోని పార్కులన్నిటిలో వయసులో ఇదే పెద్దది. తెలంగాణ శాసనసభ, రాష్ట్ర మ్యూజియం, జూబిలీ హాలు, షాహీ మసీదు, జవహర్ బాలభవన్, లలిత కళాతోరణం ఈ ఆవరణలోనో దాని అంచునో ఉన్నాయి.

తోట రూపురేఖలు మారడం మొదలైంది ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో. లండన్‌లో ఏడో ఎడ్వర్డ్ (1901–1910) ఏలుబడి సాగుతున్న రోజులవి. ఇక్కడ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు నలభై ఏళ్లు నిండుతున్నాయని నగర పౌరులు చందాలు వేసుకుని తోట పక్కన టౌన్‌హాలు కట్టించ తలపెట్టారు. 1905లో శంకుస్థాపన జరిగింది. పని సాగుతుండగానే 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. 1911 ఆగస్టులో మహబూబ్ అలీఖాన్ కన్నుమూశాడు. భవనం పూర్తయింది 1913లో. ప్రజలు తన పేరిట కట్టించిన హాలు పూర్తికావడం ఆయన చూడలేకపోయాడు. తెల్లని గుమ్మటాలు, కమానులు, మూలల్లో ఛత్రీలు. పారశీక, రాజస్థానీ శైలులు రెండూ ఇందులో కలిసి కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఇంత తేలికగా, గాలిలో నిలిచినట్టు కనిపించే భవనం మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

జూబిలీ హాలు కూడా 1913 నాటి కట్టడమే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనకు పాతికేళ్లు నిండిన సందర్భంగా 1937లో రజతోత్సవం జరిగింది ఇక్కడే. తర్వాతి కాలంలో శాసనమండలి సమావేశాలకూ ఈ ఆవరణే చోటిచ్చింది. 1924 నాటి షాహీ మసీదుకు ఆ నిజాం శుక్రవారం నమాజుకు వచ్చేవాడు. మ్యూజియం 1930ల ఆరంభంలో మొదలైంది. కాకతీయుల కాలపు శిల్పాలు, చోళుల కంచు విగ్రహాలు, అజంతా చిత్రాల నకళ్లు అందులో ఉన్నాయి. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోనే ఉండేది కాబట్టి వాటికి ఇక్కడ ప్రత్యేకమైన గది దక్కింది. పిల్లలను మాత్రం ఎక్కువగా ఆకట్టుకునేది ఈజిప్టు మమ్మీ. దాన్ని నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో కొనితెచ్చి నిజాంకు ఇచ్చాడు.

ఒకప్పుడు చిన్న జంతుశాల కూడా ఈ తోటలోనే ఉండేది. 1963 అక్టోబరులో బహదూర్‌పురాలో నెహ్రూ జంతుశాల తెరిచాక జంతువులను అక్కడికి తరలించారు. 1966లో పిల్లల కోసం బాలభవన్ వచ్చింది.

ఆంధ్ర ప్రాంతానికి ఈ తోటతో ముడి పడింది 1956లో. అంతకుముందు ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు. రాష్ట్రాలు కలిశాక ఆంధ్ర ప్రాంత ప్రతినిధులూ ఈ టౌన్‌హాలుకే, అంటే శాసనసభకే, వచ్చి కూర్చున్నారు. సభకు చోటు చాలక 1985లో పక్కనే కొత్త భవనం కట్టారు. 2017 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెలగపూడికి మారేవరకు ఆంధ్ర శాసనసభ్యుల దారి ఇటే.

ఇక్కడ టౌన్‌హాలు కడుతున్న కాలంలోనే ఇంగ్లండ్ తోటల్లో జపాను శైలి మోజు జోరుగా ఉంది. కొలను, రాతిదీపం, వంపు వంతెన, సన్నని కాలిబాట ఉన్న ఒక మూల లేకపోతే తోట పూర్తికానట్టే భావించేవారు. ఆ మోజుకు ఊపునిచ్చింది 1910లో లండన్ వైట్ సిటీలో జరిగిన జపాన్–బ్రిటిష్ ప్రదర్శన. మే నుంచి అక్టోబరు వరకు సాగిన ఆ వేడుకను ఎనభై లక్షలకు పైగా జనం చూశారు. దానికోసం రెండు జపాను తోటలు వేశారు. ప్రదర్శనలో నిలిపిన దేవాలయ ద్వారపు నమూనా తర్వాత క్యూ ఉద్యానవనానికి చేరింది. తాత్కాలికంగా లేపిన ప్రదర్శన మందిరాలు కాలక్రమంలో పోయాయి. ఒక తోటలోని కొలను, రాళ్ల అమరిక కొంత మేరకు నిలిచి, ఇప్పుడు హామర్‌స్మిత్ పార్కులో భాగంగా ఉన్నాయి.

అక్కడ కట్టడాలు పోయి తోట మిగిలింది. ఇక్కడ కట్టడాలు పెరుగుతూ పోగా తోట వాటి మధ్య ఒదిగింది. ప్రతి భవనానికీ తగిన కారణం ఉంది. ఏదీ వ్యర్థం కాదు. కానీ ఒక్కొక్కదానికీ స్థలమిచ్చింది పచ్చికే. శాసనసభ సమావేశాలు జరిగే రోజుల్లో భద్రత కోసం చుట్టుపక్కల రాకపోకలపై ఆంక్షలు పెడతారు. 2019 జూన్ 2న తెలంగాణ అవతరణ దినోత్సవం వంటి అధికారిక వేడుకలు కూడా ఇక్కడ జరిగాయి. ఈ తోట గురించి రాసేవాళ్లు భవనాల సంవత్సరాలు చెప్పి ఊరుకుంటారు. నీడనిచ్చే చెట్లకు, పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ల బాటలకు కూడా అంతే శ్రద్ధ దక్కాలి. అవి లేకపోతే ఇది ప్రభుత్వ భవనాల ఆవరణగా మిగులుతుంది.

నాంపల్లి రైల్వే స్టేషన్ నుంచి ఇక్కడికి నడిచి రావచ్చు. మెట్రోలో వచ్చేవాళ్లు మియాపూర్–ఎల్‌బీ నగర్ మార్గంలో అసెంబ్లీ స్టేషన్‌లో గానీ, నాంపల్లి స్టేషన్‌లో గానీ దిగాలి.