నెత్తురు దగ్గు: ఒక యరుదైన వ్యాధి చరిత్ర



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఎవరికైనను దగ్గులో నెత్తురు పడినచో, “ఇది క్షయ” యని పెద్దలు నిశ్చయించుట నేను చిన్ననాఁటినుండి యెఱుఁగుదును. పెక్కుమాఱులు వారి మాట నిజమే. కాని క్షయ కాని వేఱొక వ్యాధి గలదు. ఏటికి పదిలక్షలమందిలో ఒకరికి వచ్చుటయే యరుదు. దాని చరిత్రను మనవి చేసెదను.

1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ప్రపంచమంతట వ్యాపించి, మన దేశమందే కోటిమందికి పైగా బలిగొనెను. అప్పుడు అమెరికాలో ఆ జ్వరము సోఁకిన 18 ఏండ్ల యువకుఁడొకఁడు కోలుకొనుచున్నట్లే తోఁచి, పిదప నెత్తురు దగ్గి మరణించెను. ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చరను వైద్యుఁడు శవపరీక్ష జేసి, ఊపిరితిత్తులలో రక్తస్రావమును, మూత్రపిండములలో వాపును గని, 1919లో ప్రకటించెను. 1958లో ఆస్ట్రేలియా వైద్యులు స్టాంటన్, టాంజ్ గారలు ఈ వ్యాధికి ఆయన పేరే యుంచిరి.

1967లో కారణము తేలెను. రోగక్రిములతోఁ బోరాడవలసిన ప్రతిరక్షకములే మూత్రపిండముల వడపోత పొరపైనను, ఊపిరితిత్తుల పొరపైనను దాడి సేయును. కంచెయే చేను మేసినట్లన్నమాట! 1976లో లండను వైద్యులు రక్తములోని ప్లాస్మాను తీసివైచి, వేఱు ద్రవము నెక్కించి, స్టీరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడు నిచ్చి రోగులను బ్రతికించిరి. నేఁటికిని చికిత్స యదియే. సకాలమున జరిగినచో పెక్కురు బ్రతుకుదురు. మూత్రపిండములు పూర్తిగాఁ జెడిన పిమ్మట మాత్రము అవి కోలుకొనుట యరుదు, డయాలసిస్ అవసరమగును.

మన సీమకు వైద్యము క్రొత్త గాదు. జమ్మలమడుగున లండను మిషనరీ సంఘమువారి క్యాంబెల్ ఆసుపత్రి పేరు వినని వారు లేరు. అందుఁ గొంతకాలము పనిచేసిన వై.యస్. రాజశేఖరరెడ్డిగారు 1973లో పులివెందులలో తండ్రిగారి పేరిట 70 పడకల వైద్యశాలను నెలకొల్పిరి. 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మూత్రపిండ మార్పిడి జయప్రదమయ్యెను. ఆయన ముఖ్యమంత్రిగా నుండఁగా 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్దాసుపత్రి వాకిలి తెఱచెను.

కాని ఆ వాకిలివఱకు రోగిని నడిపింపవలసినవారు గ్రామపెద్దలే. దగ్గులో నెత్తురు పడినచో కఫముతోపాటు మూత్రమును గూడ పరీక్ష చేయింపుఁడు. మూత్రము ఎఱ్ఱనై కాని, టీ కషాయమువలె నల్లనై కాని యున్నను, తగ్గిపోయినను, ముఖము పాదములు వాచినను ఒక్కదినమైన జాగు సేయక పెద్దాసుపత్రికిఁ బంపుఁడు. పొగ ఈ వ్యాధిలో ఊపిరితిత్తుల రక్తస్రావమును రేపును గనుక చుట్ట, బీడీలను మాన్పింపుఁడు. క్షయ యని మూలఁ గూర్చుండఁబెట్టిన దినములే ఈ రోగికి మృత్యుదినములు గావచ్చును.